బోటు ఫొటో పట్టికలోకి ఎలా ఎక్కాలి, తెర మీదికి ఎలా రావాలి: రిలేషనల్ డేటాబేస్‌లో చిత్రాలు దాచడానికి సమగ్ర మార్గదర్శి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఓనర్ల సంఘం ఒకటి తన రిజిస్టరును కంప్యూటర్‌కి ఎక్కించాలనుకుందనుకోండి. ఓనరు పేరు, బోటు నంబరు, ఇంజను వివరాలు, ఇన్సూరెన్సు గడువు అన్నీ అక్షరాలూ అంకెలే కాబట్టి పట్టికలు ఒక పూటలో తయారవుతాయి. చిక్కంతా ఫొటోల దగ్గరే. ప్రతి బోటుకీ పక్క నుంచి ఒకటి, నంబరు కనబడేలా ముందు నుంచి ఒకటి, ఇంజను ప్లేటుది ఒకటి ఉండాలి. వీటిని ఎక్కడ పెట్టాలి, అడిగినప్పుడు ఎలా తీయాలి? ద్వారకానగర్‌లో కోర్సులు చేస్తున్నవాళ్లూ, రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లూ ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకే ఈ ఒక్క ఉదాహరణనే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. సమాచారాన్ని పట్టికలుగా దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో ముఖ్యంగా పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ గురించి చెబుతాను. మిగతావి అవసరమైన చోట వస్తాయి.

ఈ ఉదాహరణ ఎంచుకోవడానికి కారణముంది. 2023 నవంబరులో ఇదే హార్బర్‌లో మంటలు రేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. అలాంటి రోజున బోటు ఉండదు, దాని రికార్డూ ఫొటో మాత్రమే ఉంటాయి. రికార్డు ఉండి ఫొటో లేకపోయినా, ఒక బోటు రికార్డు కింద ఇంకో బోటు ఫొటో వచ్చినా నష్టపోయేది ఓనరే. ఇలాంటి రిజిస్టరులో ఫొటో అలంకారం కాదు, సాక్ష్యం. కింద చెప్పే ప్రతి నిర్ణయానికీ ఇదే మూలం.

మొదటి మెట్టు: ఫొటో ఎక్కడ ఉండాలి?

దారులు రెండు. ఫొటో బైట్లను పట్టికలోనే ఒక కాలమ్‌లో పెట్టడం ఒకటి. ఫొటోను ఫైలుగా డిస్కు మీదో, క్లౌడ్ స్టోరేజీలోనో ఉంచి, పట్టికలో దాని దారి మాత్రమే రాయడం రెండోది. ‘ఫొటోలు డేటాబేస్‌లో ఎప్పుడూ పెట్టకూడదు’ అనే మాట చాలామంది సీనియర్ల నోట వింటాం. సగం సందర్భాల్లోనే అది సరైన సలహా.

సైజు గురించి చెప్పాలంటే, 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జిమ్ గ్రే బృందం ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌నీ, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌నీ పోల్చి చూసింది. 256 కేబీ కంటే చిన్నవి డేటాబేస్‌లోనే బాగా నడిచాయి, 1 ఎంబీ దాటినవి ఫైళ్లుగా బాగా నడిచాయి. మధ్యలో ఉన్నవాటికి ఫలితం వాడకాన్ని బట్టి మారింది. అప్పటి డిస్కులు వేరు, ఇప్పటివి వేరు కాబట్టి ఆ అంకెలను గిరిగీసిన హద్దుల్లా చూడనక్కర్లేదు. చిన్నవాటికి డేటాబేస్, పెద్దవాటికి ఫైలు అన్న దిశ మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

నన్నడిగితే సైజు కంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. రికార్డూ ఫొటో కలిసే ఉండాలా, విడివిడిగా ఉన్నా ఫర్లేదా? డేటాబేస్‌లో పెడితే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఎక్కుతాయి. మధ్యలో కరెంటు పోతే రెండూ ఎక్కవు. ఒకటి ఎక్కి ఇంకొకటి మిగిలిపోయే పరిస్థితే రాదు. బ్యాకప్ ఒకటే, అనుమతులు ఒకచోటే. ఫైలు దారిలో ఈ పొందిక మనంతట మనం కట్టుకోవాలి. బదులుగా డేటాబేస్ చిన్నగా ఉంటుంది, బ్యాకప్ త్వరగా అయిపోతుంది, ఫొటో పంపించే బరువు డేటాబేస్ కనెక్షన్ల మీద పడదు.

కొన్ని వందల బోట్లు, బోటుకి మూడు ఫొటోలు, పైగా సాక్ష్యం విలువ. ఈ రిజిస్టరుకి నేను డేటాబేస్‌నే ఎంచుకుంటాను. రోజూ వేలల్లో ఫొటోలు వచ్చిపడే అమ్మకాల సైటుకైతే ఫైళ్లే మేలు. ఆ దారి కూడా కింద చెబుతాను.

రెండో మెట్టు: కాలమ్ రకం

మైఎస్‌క్యూఎల్‌లో నాలుగున్నాయి. టైనీబ్లాబ్‌లో 255 బైట్లు పడతాయి. బ్లాబ్‌లో 65,535, మీడియంబ్లాబ్‌లో 16 ఎంబీ, లాంగ్‌బ్లాబ్‌లో 4 జీబీ. ఎక్కువమంది పేరు చూసి బ్లాబ్ తీసుకుంటారు. అది 64 కేబీకి మించి పట్టదు. స్ట్రిక్ట్ మోడ్‌లో (పట్టని విలువను తిరస్కరించే అమరికలో) ఉంటే సర్వర్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది, అది మంచిదే. ఆ మోడ్ తీసేసిన పాత సర్వర్లయితే 65,535 బైట్ల దగ్గర కోసేసి, ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చి ఊరుకుంటాయి. అలా ఎక్కిన ఫొటో తెరిస్తే పైభాగంలో బోటు కనబడుతుంది, కింద భాగమంతా బూడిదరంగు. మన పనికి మీడియంబ్లాబ్ సరిపోతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో బైట్‌ఏ వాడండి. పరిమితి 1 జీబీ. అందులోనే లార్జ్ ఆబ్జెక్ట్ అనే వేరే ఏర్పాటు ఉంది, 4 టీబీ దాకా పడుతుంది. కానీ రికార్డు తీసేసినా ఆ ఆబ్జెక్ట్ దానంతటది పోదు, విడిగా ఊడ్చుకోవాలి. ఫొటోలకు ఆ శ్రమ అనవసరం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌బైనరీ మ్యాక్స్ తీసుకోండి. ఇమేజ్ అనే పేరుతో ఒక రకం కనబడుతుంది గానీ, దాన్ని కొత్త పనులకు వాడొద్దని మైక్రోసాఫ్టే చెప్పింది. ఫోన్ యాప్‌లో ఎస్‌క్యూలైట్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో కర్సర్ విండో (చదివిన వరుసలను ఉంచే మెమరీ) మామూలుగా 2 ఎంబీయే కాబట్టి, అంతకంటే పెద్ద ఫొటో ఉన్న వరుసను చదవబోతే యాప్ కూలుతుంది.

ఇక బైట్లను బేస్64గా, అంటే మామూలు అక్షరాలుగా, మార్చి టెక్స్ట్ కాలమ్‌లో పెట్టే అలవాటు. మూడు బైట్లకు నాలుగు అక్షరాలవుతాయి, అంటే మూడో వంతు అదనపు చోటు, పైగా ప్రతిసారీ మార్పిడి. దాని వల్ల ఒరిగేదేమీ లేదు. మానేయండి.

మూడో మెట్టు: పట్టికలు

బోట్ల పట్టికలోనే ఫొటో కాలమ్ కలిపేయకండి. మూడు పట్టికలు చేయండి.

మొదటిది బోట్లది. రెండోది ఫొటో వివరాలది. ఫొటో ఐడీ, బోటు ఐడీ, రకం (పక్క, ముందు, ఇంజను ప్లేటు), మైమ్ టైపు (ఫైలు ఏ రకమో చెప్పే పేరు), బైట్లలో సైజు, వెడల్పు, ఎత్తు, షా-256 ముద్ర (ఫైలు బైట్ల నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి విలువ), అసలు ఫైలు పేరు, ఎక్కించిన తేదీ, ఎక్కించినవారు. మూడోది బైట్ల పట్టిక. ఇందులో ఫొటో ఐడీ, అది ఏ కాపీ అన్నది (అసలుది, తెర మీద చూపడానికి చేసినది, చిన్నది), బైట్లు, అంతే.

ఈ విభజన ఎందుకంటే, రిజిస్టరు వాడేవాళ్లకు నూటికి తొంభైసార్లు కావాల్సింది జాబితా మాత్రమే. బైట్లు అదే పట్టికలో ఉంటే, ఎవరో ఒకరు సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ ఇవ్వు) అని రాస్తారు, లేదా ఓఆర్ఎమ్ (ప్రోగ్రాం తరఫున ఎస్‌క్యూఎల్ రాసే లైబ్రరీ) తనంతట తానే అన్ని కాలమ్‌లూ లాగుతుంది. 300 బోట్ల జాబితా అడిగితే, ఫొటో 3 ఎంబీ చొప్పున 900 ఎంబీ సర్వర్ మెమరీలోకి వచ్చిపడుతుంది. స్క్రీన్ మీద చూపించేది మాత్రం పేర్లూ నంబర్లే.

లోపల ఏం జరుగుతుందో చూస్తే ఇది ఇంకా బాగా బోధపడుతుంది. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. అందులో ఫొటో పట్టదు కాబట్టి, వరుస దాదాపు 2 కేబీ దాటగానే టోస్ట్ అనే పద్ధతిలో పెద్ద విలువలను వెనుకనున్న వేరే పట్టికలోకి తరలించి, 2 కేబీ లోపు ముక్కలుగా కోసి ఉంచుతుంది. 200 కేబీ ఫొటో అంటే అక్కడ సుమారు వంద ముక్కలు. అసలు వరుసలో మిగిలేది చిన్న గుర్తు ఒక్కటే. బైట్ల కాలమ్‌ని మీరు అడగకపోతే ఆ ముక్కల జోలికే పోదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీ కూడా పెద్ద విలువలను వేరే పేజీల్లో పెట్టి, వరుసలో 20 బైట్ల గుర్తు ఉంచుతుంది. అంటే డేటాబేస్ తనవంతు జాగ్రత్త తాను తీసుకుంటోంది. అక్కర్లేని చోట బైట్లను అడగకుండా ఉండటమే మన వంతు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో చిన్న సర్దుబాటు ఉంది. పెద్ద విలువలను అది ముందుగా కుదించబోతుంది. జేపెగ్ అప్పటికే కుదించినది కాబట్టి ఆ శ్రమ వృథా. బైట్ల కాలమ్‌కి స్టోరేజీని ఎక్స్‌టర్నల్ అని మార్చండి. కుదింపు ఆగుతుంది, ఫొటోలో మొదటి కొన్ని బైట్లు మాత్రమే చదవాలన్నా వేగంగా వస్తాయి.

ఫారిన్ కీల (ఒక పట్టిక వరుసను ఇంకో పట్టిక వరుసతో కట్టే లంకెల) విషయంలో నా అభిప్రాయం చెబుతాను. వివరాల వరుస తీసేస్తే దాని బైట్లు కూడా పోవాలి, అక్కడ క్యాస్కేడ్ (వెంటే తీసేయడం) సరే. బోటు వరుస తీసేస్తే ఫొటోలు పోయేలా మాత్రం పెట్టకండి, రిస్ట్రిక్ట్ (ఫొటోలున్నంతవరకు బోటు వరుసను తీయనివ్వకపోవడం) పెట్టండి. ఒక తప్పు క్లిక్కుతో సాక్ష్యం మాయం కాకూడదు. అలాగే బోటు ఐడీ, షా ముద్ర జంట మీద యూనిక్ నిబంధన పెడితే ఒకే ఫొటో రెండుసార్లు ఎక్కదు.

నాలుగో మెట్టు: ఎక్కించే ముందు తనిఖీ

ఎక్కువ జాగ్రత్త అవసరమైన మెట్టు ఇది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రిపేర్లు చేస్తారు, రంగులు వేస్తారు. ఫొటోలు తీయడానికి అదే అదను. ఓనర్లు తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. అక్కడి నుంచి మొదలవుతాయి చిక్కులు.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఫొటో ఎప్పుడు ఎక్కడ తీశారో చెప్పే ఎగ్జిఫ్ సమాచారం పోతుంది. ఇంజను ప్లేటు మీది అంకెలు అలికినట్టవుతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వస్తుంది. అదే పద్ధతి అని ముందే చెప్పి ఉంచండి. ఇక ఫైలు పేరు: ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ పెట్టే పేరులో ఉండేది తేదీ, డబ్ల్యూఏ అనే గుర్తు, వరుస సంఖ్య. జూన్ 10న నలుగురు ఓనర్ల ఫోన్లలో మొదటి ఫొటో పేరు ఒకటే అయ్యే అవకాశం పూర్తిగా ఉంది. పేరును బట్టి ఫొటోను గుర్తించే ప్రోగ్రాం అక్కడే ఒకరి బోటును ఇంకొకరికి అంటగడుతుంది. అసలు పేరును వివరాల్లో ఒక కాలమ్‌లో రాసుకోండి, గుర్తింపుకు మాత్రం ఐడీ, షా ముద్ర.

వచ్చిన ఫైలు నిజంగా ఫొటోయేనా అన్నది చూడాలి. పేరు చివర జేపీజీ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి, బ్రౌజర్ చెప్పే మైమ్ టైపునీ నమ్మకండి. మొదటి బైట్లు చదవండి. జేపెగ్ అయితే 255, 216, 255తో మొదలవుతుంది, మామూలుగా 255, 217తో ముగుస్తుంది. పీఎన్‌జీ అయితే మొదటి ఎనిమిది బైట్లు 137, 80, 78, 71, 13, 10, 26, 10. ఈ వరుసను ఊరికే ఎంచుకోలేదు. 137లో ఎనిమిదో బిట్ వెలిగి ఉంటుంది, ఏడు బిట్లే మోసే దారిలో వెళ్తే అది చెడుతుంది. 13, 10 పక్కపక్కన, చివర ఒంటరిగా 10 ఉన్నాయి కాబట్టి, ఎవరైనా ఫైలును టెక్స్ట్‌గా భావించి లైన్ ముగింపులు మార్చితే వెంటనే బయటపడుతుంది. బైనరీని టెక్స్ట్‌గా చూసే పొరపాటు ఎంత పాతదో, దాన్ని పట్టుకోవడానికి ఎంత ముందుచూపుతో ఏర్పాటు చేశారో ఆ ఎనిమిది అంకెలు చెబుతాయి.

తర్వాత వెడల్పు, ఎత్తు చూడండి. కొన్ని కేబీల ఫైలే విప్పితే కోట్ల పిక్సెళ్లయ్యేలా తయారుచేసి సర్వర్‌ను కూలదోయవచ్చు. హద్దు దాటితే విప్పకుండానే తిప్పి పంపాలి. ఎస్‌వీజీ (టెక్స్ట్‌గా రాసే బొమ్మ) ఫైళ్లను ఒప్పుకోకండి, వాటిలో స్క్రిప్టు దాక్కుంటుంది. ఐఫోన్ నుంచి హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఫొటో వస్తే జేపెగ్‌గా మార్చిన కాపీ ఒకటి చేసుకోండి, క్రోమ్ లాంటి బ్రౌజర్లు దాన్ని చూపించవు.

ఇప్పుడు మూడు ప్రతులు. అసలు ఫైలును ఒక్క బైటు కూడా మార్చకుండా ఉంచండి, సాక్ష్యం అదే. తెర మీద చూపడానికి 1,200 పిక్సెళ్ల వెడల్పుతో రెండోది, జాబితాకి 200 పిక్సెళ్లతో మూడోది. ఈ రెండింటినీ తయారుచేసేటప్పుడు ఎగ్జిఫ్‌లోని ఓరియెంటేషన్ అంకె చూసి ముందు ఫొటోను తిప్పండి. ఫోను అడ్డంగా తీసిన బైట్లనే రాసి, ‘90 డిగ్రీలు తిప్పి చూపించు’ అని ఒక అంకె మాత్రం పెడుతుంది. సైజు తగ్గించే లైబ్రరీ ఆ అంకెను వదిలేస్తే బోటు తెరచాప కొయ్యతో సహా పక్కకు పడుకున్నట్టు కనబడుతుంది. తిప్పాక ఎగ్జిఫ్ మొత్తం తీసేయండి. అందులో ఓనరు ఇంటి జీపీఎస్ గుర్తు ఉండొచ్చు. అసలు ప్రతిని మామూలు వాడుకరులకు ఇవ్వకండి, అనుమతి ఉన్నవాళ్లకు డౌన్‌లోడ్‌గా మాత్రమే.

చివరగా అసలు బైట్ల మీద షా-256 లెక్కించండి. 32 బైట్ల ముద్ర వస్తుంది. దీని అవసరం చివరిదాకా ఉంటుంది.

ఐదో మెట్టు: ఎక్కించడం

ఎస్‌క్యూఎల్ వాక్యంలో ఫొటో బైట్లను అతికించి పంపకండి. ప్రశ్నార్థకమో, పేరున్న ఖాళీయో పెట్టి, బైట్లను పారామీటరుగా ఇవ్వండి. ఇంజెక్షన్ దాడి (విలువలో ఎస్‌క్యూఎల్ ఆదేశం దూర్చడం) ఒక్కటే దీనికి కారణం కాదు. ఎస్‌క్యూఎల్‌లో విలువ ఎక్కడ ముగిసిందో చెప్పే సింగిల్ కోట్ గుర్తు బైటు విలువ 39. ఫొటోలో బైట్లు చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి, లెక్క ప్రకారం 256 బైట్లకొకసారి 39 తగులుతుంది. 200 కేబీ ఫొటోలో సుమారు 800 సార్లు. మొదటి 39 దగ్గరే ఎస్‌క్యూఎల్ వాక్యం తెగిపోతుంది.

పీహెచ్‌పీ పీడీఓలో ఆ పారామీటరును లాబ్ రకంగా కట్టండి. జావాలో సెట్‌బైట్స్ లేదా సెట్‌బైనరీస్ట్రీమ్. పైథాన్‌లో ఫైలును బైనరీ మోడ్‌లో తెరిచి బైట్స్‌గా ఇస్తే చాలు.

వరుస ఇలా ఉండాలి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి, వివరాల పట్టికలో వరుస చేర్చి ఐడీ తీసుకోండి, ఆ ఐడీతో మూడు ప్రతుల బైట్లు చేర్చండి, కమిట్ చేయండి. ఫొటో కుదించడం, తిప్పడం, ముద్ర లెక్కించడం లాంటి ఆలస్యమయ్యే పనులన్నీ ట్రాన్సాక్షన్‌కి ముందే ముగించాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ఒకసారికి పంపగల డేటాకు మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ అనే పరిమితి ఉంది. 8.0లో సర్వర్‌కి 64 ఎంబీ, 5.7లో 4 ఎంబీయే. పాత సర్వర్ మీద ఫోను ఫొటో పంపితే కనెక్షన్ తెగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. వెబ్ సర్వర్‌లోనూ, పీహెచ్‌పీలోనూ అప్‌లోడ్ పరిమితులు వేరుగా ఉంటాయి, వాటినీ చూసుకోండి.

ఆరో మెట్టు: తీసి చూపించడం

జాబితా పేజీ వివరాల పట్టికను మాత్రమే అడగాలి. ఫొటో స్థానంలో ఒక లింకు ఉంటుంది. బ్రౌజర్ ఆ లింకును విడిగా అడిగినప్పుడు, ఒక చిన్న ప్రోగ్రాం ఒక ఫొటో ఐడీకి, ఒక ప్రతికి బైట్లు తీసి పంపుతుంది. బేస్64గా జేసన్‌లో కుక్కి జాబితాతోపాటే పంపడం సులభంగా కనిపిస్తుంది గానీ, అప్పుడు బ్రౌజర్ ఏ ఫొటోనూ విడిగా దాచుకోలేదు.

ఆ ప్రోగ్రాం చేయాల్సిన పనులు ఇవి. ముందు అడిగినవారికి ఈ బోటు చూసే హక్కు ఉందో లేదో చూడాలి. ఐడీలు వరుస సంఖ్యలైతే ఎవరైనా ఒకటి కలుపుకుంటూ పోయి అందరి ఫొటోలూ చూసేస్తారు కాబట్టి ఈ తనిఖీ తప్పనిసరి. తర్వాత కంటెంట్ టైపును మన పట్టికలో ఉన్న మైమ్ టైపు నుంచే ఇవ్వాలి, బ్రౌజర్ సొంత ఊహ చేయకుండా నోస్నిఫ్ హెడర్ జతచేయాలి. పంపుతున్న కాపీకి చెందిన షా ముద్రను ఈట్యాగ్‌గా (ఫొటో మారిందో లేదో తెలిపే హెడర్‌గా) ఇవ్వాలి. బ్రౌజర్ రెండోసారి వచ్చి అదే ఈట్యాగ్ చూపిస్తే 304 (మారలేదు) అనే జవాబు చాలు. అప్పుడు బైట్ల పట్టికను తాకనే అక్కర్లేదు. దీనికోసం చిన్న ప్రతుల ముద్రలను కూడా ఎక్కించేటప్పుడే లెక్కించి వివరాల్లో పెట్టుకోండి. లాగిన్ వెనుక ఉన్న ఫొటోలు కాబట్టి క్యాష్ హెడర్‌లో ప్రైవేట్ అని ఉండాలి.

చిన్న ప్రతి 10 కేబీ అనుకుంటే, పేజీకి 20 బోట్ల చొప్పున చూపిస్తే మొత్తం 200 కేబీ. హార్బర్ జెట్టీ మీద సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోనులో కూడా తెరుచుకుంటుంది.

ఫైలు దారి ఎంచుకుంటే

పట్టికల తీరు అదే, బైట్ల కాలమ్ స్థానంలో దారి కాలమ్ ఉంటుంది. ఫైలుకు షా ముద్రనే హెక్స్ (0-9, a-f) అక్షరాల్లో పేరుగా పెట్టండి, అందులో మొదటి రెండు అక్షరాలతో ఫోల్డరు చేయండి. మొత్తం 256 ఫోల్డర్లలో ఫైళ్లు సర్దుకుంటాయి. వాడుకరి ఇచ్చిన పేరు పెడితే ఇంకో ఇబ్బంది మనవాళ్లకే వస్తుంది. లైనక్స్‌లో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు, యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. అంటే 85 గుర్తులే. గుణింతాలు, ఒత్తులు కూడా విడి గుర్తులుగా లెక్కకొస్తాయి, పొడవాటి పేరు చాలా తొందరగా హద్దు దాటుతుంది. దారిని మూల ఫోల్డరు నుంచి మాత్రమే రాయండి. సర్వర్ మారినరోజు వేల వరుసలు దిద్దాల్సిన పని ఉండదు.

క్రమమే ఇక్కడ ప్రాణం. ఎక్కించేటప్పుడు ముందు ఫైలును తాత్కాలిక పేరుతో రాసి, డిస్కుకు చేరిందని ఎఫ్‌సింక్‌తో నిర్ధారించుకుని, అసలు పేరుకు మార్చి, ఆ తర్వాతే పట్టికలో వరుస చేర్చాలి. తీసేసేటప్పుడు తలకిందులు: ముందు వరుస, కమిట్, ఆ తర్వాత ఎప్పుడో ఫైలు. ఏ క్షణంలో కరెంటు పోయినా మిగిలేది ఎవరికీ చెందని ఫైలే తప్ప, ఫైలు లేని వరుస కాదు. అనాథ ఫైళ్లను రాత్రిపూట నడిచే ప్రోగ్రాం ఊడ్చేస్తుంది. అది రోజు కంటే పాతవాటినే ముట్టుకోవాలి, లేకపోతే అప్పుడే ఎక్కుతున్న ఫైలునూ తీసేస్తుంది. బ్యాకప్‌లోనూ ఇదే తర్కం: ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు.

బ్యాకప్, తిరిగి నింపి చూడటం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. సర్వరూ బ్యాకప్ డిస్కూ ఒకే బీరువాలో, ఒకే ఊళ్లో ఉంటే అది బ్యాకప్ కిందకు రాదు. ఒక ప్రతి హైదరాబాదులోనో ఇంకెక్కడో ఉండాలి.

పోస్ట్‌గ్రెస్‌ను మామూలు ఎస్‌క్యూఎల్ టెక్స్ట్‌గా డంప్ చేస్తే (బ్యాకప్ ఫైలుగా రాస్తే) ప్రతి బైటూ రెండు హెక్స్ అక్షరాలవుతుంది, ఫైలు రెట్టింపవుతుంది. కస్టమ్ ఫార్మాట్ వాడండి. మైఎస్‌క్యూఎల్ డంప్‌కు హెక్స్-బ్లాబ్ ఆప్షన్ ఇవ్వండి.

నెలకోసారి ఆ డంప్‌ను ఖాళీ సర్వర్‌లో నింపి, అసలు ప్రతుల ముద్రలను మళ్లీ లెక్కించి, వివరాల పట్టికలో రాసి ఉంచిన ముద్రలతో పోల్చండి. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి షా256 ఫంక్షన్ లోపలే ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో షా2. తేడా ఉన్న వరుసలను మాత్రమే చూపించమని అడగండి. జవాబు ఖాళీగా రావాలి.

ఒకవేళ వరుసలు వచ్చాయంటే, ముందు బైట్ల పొడవు చూడండి. కచ్చితంగా 65,535 ఉంటే కాలమ్ రకం చిన్నది. రాసి ఉంచిన సైజుకు మూడో వంతు ఎక్కువుంటే ఎవరో బేస్64గా ఎక్కించారు. దాదాపు సరిగ్గా రెట్టింపుంటే హెక్స్ టెక్స్ట్ బైట్లుగా ఎక్కింది. మొదట్లోనే 239, 191, 189 అనే మూడు బైట్లు మళ్లీమళ్లీ కనబడితే, దారిలో ఎక్కడో ఫొటోను యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా చదివేశారు. బేస్64, హెక్స్ అయితే కారణం తెలిస్తే చాలు, విప్పి సరిచేయొచ్చు. కోసేసిన ఫొటోకూ, యూటీఎఫ్-8 పాలైన ఫొటోకూ పోయిన బైట్లు తిరిగి రావు కాబట్టి ఆ బోటు ఓనరుకు ఫోను చేసి, ఈసారి డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి.